గుండె తూకానికి ముద్ర ఏది?

ఈ టపా కొంచెం దీర్ఘమైనది, కొంచెం కారమైనది కూడా. ఓపికతో చివరిదాకా చదివి, ఆపైన ఖండించదలచినవారు నిర్మొగమాటంగా ఖండించవలసినదిగా ముందే కోరుతున్నాను.

మా ధర్పల్లిలో కిరాణా దుకాణదారు పావుకిలో చక్కెర తూచాలంటే అతని కాటాకు ప్రభుత్వ ముద్ర ఉండాలి. ఎలక్ట్రానిక్ కాటా అయితే ఏడాదికొకమారు తూనికలు కొలతల శాఖవారి చేత పరీక్ష చేయించి ఆ ముద్రను మళ్ళీ వేయించుకోవాలి. ముద్ర లేని కాటాతో తూచడం నేరం. 2009లో వచ్చిన లీగల్ మెట్రాలజీ చట్టమూ, దానిని అనుసరించి 2011లో వచ్చిన నియమాలూ చెప్పేది ఇదే. ఆ దుకాణానికి నాలుగడుగుల దూరంలో సెల్‌ఫోన్లు అమ్మే కొట్టు ఉన్నది. అక్కడ పదిహేను వందల రూపాయలకు ఒక చేతిగడియారం దొరుకుతుంది. గుండె నిమిషానికి ఎన్నిమార్లు కొట్టుకొంటున్నదో, రక్తంలో ప్రాణవాయువు ఎంత శాతమున్నదో అది అంకెలలో చూపుతుంది. కొన్నింటిలోనైతే రక్తపోటు కూడా కనబడుతుంది. ఆ గడియారానికి విద్యుత్ భద్రతను గురించిన నమోదు సంఖ్య ఉండవచ్చు. అది చేతికి షాకు కొట్టదని మాత్రమే దాని అర్థం. అది చూపే అంకె నిజమని పూచీపడే ముద్ర ఏదీ దానిమీద లేదు. చక్కెర తూకంలో పది గ్రాములు తగ్గితే అడిగేవాడున్నాడు. గుండె తూకంలో తేడా వస్తే అడిగేవాడు లేడు. నా వాదమంతా ఈ వ్యత్యాసం మీదనే.

పాతకాలపు పండితుడు యంత్రాన్ని చూసి బెదిరిపోయి రాస్తున్నాడని ఎవరైనా అనుకొంటే, అయ్యా, ఆ పండితుడే యూనికోడు తెలుగులో టైపు కొట్టడం కష్టపడి నేర్చుకొని ఈ పుటను నడుపుతున్నాడని మనవి. గుండె లయను కొలిచే విద్య చరిత్ర ఎంతో గౌరవించదగినది. హాలెండు దేశపు విలియం ఐంథోవెన్ ఇరవయ్యవ శతాబ్ది ఆరంభంలో నిర్మించిన ఈసీజీ యంత్రం సుమారు 270 కిలోల బరువుండేది. దానిని నడపడానికి ఐదుగురు మనుషులు కావలసివచ్చేది. ఆయనకు 1924లో నోబెల్ బహుమానం వచ్చింది. 1949 ప్రాంతంలో అమెరికాలో నార్మన్ హోల్టర్ అనే భౌతికశాస్త్రవేత్త, మనిషి నడుస్తూ తిరుగుతూ ఉండగానే గుండె రేఖను నమోదు చేసే యంత్రాన్ని వీపున మోసుకొనే మూటగా చేశాడు. ఆ మూట బరువు 38 కిలోలు. నేడు ఆ పనిలో కొంత భాగాన్ని గోరంత ముక్క చేస్తున్నది. ఆ తపస్సుకు చేతులెత్తి నమస్కరిస్తాను. నా కోపం తపస్సు మీద కాదు. దాని పేరు చెప్పి సంతలో అంకెలమ్ముకొనేవారి మీద, వారికి తలుపు బార్లా తెరచిపెట్టిన చట్టం మీద.

ముందు ఈ గడియారం ఏమి చేయగలదో, ఏమి చేయలేదో చెప్పుకొందాము. ఇందులో రెండు జాతులున్నాయి. మొదటిది కాంతితో నాడి చూసేది. గడియారం అడుగున ఆకుపచ్చ దీపం వెలుగుతుంది. రక్తం ఆ కాంతిని పీల్చుకొంటుంది. గుండె కొట్టిన ప్రతిసారీ మణికట్టులోని సన్నని నాళాలలో రక్తం పొంగుతుంది కాబట్టి తిరిగివచ్చే కాంతి హెచ్చుతగ్గులవుతుంది. ఆ హెచ్చుతగ్గులను లెక్కించి నాడివేగం చెప్తుంది. చౌక గడియారాలన్నీ ఈ జాతివే. రెండవది వేలు ఆనించినప్పుడు రెండు చేతుల నడుమ విద్యుత్తును కొలిచి, ముప్పై సెకన్లపాటు ఒక గుండె రేఖను గీసేది. ఇది ఖరీదైన జాతి. ఆపిల్ గడియారంలోని ఈ సౌకర్యానికి 2018లో అమెరికా ఆహార ఔషధ సంస్థ అనుమతి లభించింది. దవాఖానలో పది పట్టీలంటించి తీసే ఈసీజీ గుండెను పన్నెండు కోణాలనుండి చూస్తుంది. గడియారం చూసేది ఒక్క కోణం.

ఆ ఒక్క కోణం నిష్ప్రయోజనమని నేననను. గుండె పై గదులను మన పాఠ్యపుస్తకాలు కర్ణికలన్నాయి. అవి సక్రమంగా ముడుచుకోక వణుకుతుండే వ్యాధి ఒకటున్నది. వైద్యులు దానిని ఏట్రియల్ ఫిబ్రిలేషన్ అంటారు. మనము కర్ణికాకంపం అనుకొందాము. ఇంతకంటె మంచి మాట తోచినవారు చెప్పగలరు. కర్ణికలు వణికినప్పుడు రక్తం నిలిచి గడ్డకడుతుంది. ఆ గడ్డ మెదడుకు చేరితే పక్షవాతం. ఈ వ్యాధి ఉన్నవారికి పక్షవాతపు ప్రమాదం సుమారు ఐదింతలు. చాలామందికి అది ఉన్నట్లే తెలియదు. దీనిని కనిపెట్టడంలో మంచి గడియారం నిజంగా ఉపయోగపడుతుంది.

కానీ మన ఊళ్ళలో జనం గుండెజబ్బు అంటే అనుకొనేది ఇది కాదు. వారి భయం గుండెపోటు. గుండెపోటు లయ తప్పడంవల్ల రాదు. గుండె కండరానికి రక్తం తెచ్చే నాళం మూసుకొనిపోవడంవల్ల వస్తుంది. నాళం మూసుకొన్నాక కూడా గుండె చాలాసేపు క్రమంగానే కొట్టుకొంటూ ఉండవచ్చు. నేను ఛందస్సు చెప్పి బతికినవాణ్ణి గనుక నాకు తోచిన పోలిక ఒకటి చెప్తాను. ఉత్పలమాలలో గణాలన్నీ సరిపోయినంత మాత్రాన పద్యంలో ప్రాణమున్నదని ఎవరూ అనరు. గణవిభజన చేసిచూసే పిల్లవాడికి పద్యం తప్పులేనిదిగానే కనబడుతుంది. చచ్చుపద్యమని చెప్పడానికి వేరొకరు కావాలి. గడియారం గణాలు లెక్కపెడుతుంది. అంతవరకే దాని విద్య.

ఈ భేదం తెలియకపోతే ఏమవుతుందో మా ఊళ్ళోనే చూచాను. నాతో ఇరవై యేండ్లు పనిచేసిన వ్యాయామోపాధ్యాయుడు ఒకరున్నారు. పేరెందుకు గాని, ఊరివారందరికీ పీఈటీ సారు. కొడుకు దుబాయిలో ఉంటాడు. కిందటిసారి సెలవుకు వచ్చినప్పుడు తండ్రికి ఈసీజీ తీసే గడియారం తెచ్చిపెట్టి, "బాపూ, రోజూ చూస్కో, నాకు ఫికర్ ఉండదు" అని చెప్పిపోయాడు. ఒకనాటి రాత్రి పదకొండు గంటలకు ఆయనకు ఛాతీ బిగబట్టి, చెమటలు పోసి, ఎడమ దవడ లాగింది. భార్య "దవాఖానకు పోదాం లెవ్వయ్యా" అని మొత్తుకొన్నది. ఆయన గడియారం మీద వేలు పెట్టి ముప్పై సెకన్లు ఆగి చూచాడు. లయ సక్రమమని వచ్చింది. "వాచిల మంచిగనే అస్తున్నది, ఊకో. గ్యాసే అయి ఉంటది" అన్నాడు. మరొక గంటకు మళ్ళీ చూచాడు. మళ్ళీ అదే మాట. తెల్లవారి 108 వచ్చి తీసుకొనిపోయేసరికి ఆరేడు గంటలు గడచిపోయాయి. ప్రాణం దక్కింది. గుండె కండరంలో కొంత భాగం దక్కలేదు. ఒకప్పుడు పిల్లలను మైదానం చుట్టూ పరుగెత్తించిన మనిషి, నేడు పది మెట్లెక్కి నిలబడి ఊపిరి తీసుకొంటున్నాడు.

గమనించండి. ఆ గడియారం అబద్ధమాడలేదు. ఆ రాత్రి ఆయన గుండె లయ నిజంగానే సక్రమంగా ఉండవచ్చు. ఆయన అడిగిన ప్రశ్న వేరు, అది జవాబు చెప్పిన ప్రశ్న వేరు. "నాకు గుండెపోటు వచ్చిందా?" అని ఆయన అడిగాడు. "లయ తప్పలేదు" అని అది చెప్పింది. అది గుండెపోటును కనిపెట్టలేదన్న హెచ్చరిక ఎక్కడైనా ఉన్నదా అంటే ఉన్నది. ఇటువంటి గడియారాలలో, గుండెపోటును ఇది గుర్తించలేదు అని తయారీదారులు రాస్తూనే ఉంటారు. ఆపిల్ సంస్థ కూడా తన ఈసీజీని గురించి ఈ మాట స్పష్టంగానే చెప్పింది. అయితే ఆ మాట ఏ భాషలో ఉన్నది? ఎంత అక్షరంలో ఉన్నది? మా పీఈటీ సారు చదవగల చోట ఉన్నదా? పెట్టె మీద ఎర్రని గుండె బొమ్మ అరచేతిమందం ఉంటుంది. హెచ్చరిక ఆవగింజంత ఇంగ్లీషులో ఉంటుంది.

దీనికి చట్టం అండ కూడా ఉన్నది. 2011 నాటి ప్యాకేజీ సరుకుల నియమాల ప్రకారం పెట్టె మీది తప్పనిసరి వివరాలు హిందీలో గాని ఇంగ్లీషులో గాని ఉంటే చాలు. ఇతర భాషలలో అదనంగా రాస్తే అభ్యంతరం లేదట! అంటే తెలుగు దయాధర్మం. తెలుగును అంతర్జాలంలో నిలబెట్టడానికి కీబోర్డులతో కుస్తీపట్టిన మిత్రులు ఈ పుట చదువుతున్నారు. వారిని అడుగుతున్నాను. భాష కోసం మనం చేసిన వాదాలన్నీ కవిత్వానికీ కథలకేనా? ఒక మనిషి ఛాతీ పట్టుకొని కూర్చున్న రాత్రి అతని చేతిలోని వస్తువు అతని భాషలో ఒక్క వాక్యం చెప్పకపోవడం భాషా సమస్య కాదా?

ఇది మంచి గడియారం సంగతి. ఇక చౌక జాతికి వస్తాను. పొరుగింటి కుర్రవాడు నిజామాబాదులో కొన్న గడియారాన్ని మా పెరటి సొరకాయ మెడకు చుట్టి చూచాము. ఆకుపచ్చ దీపం వెలిగింది. కొంతసేపు ఆలోచించింది. ఆపైన 78 అని చూపింది. సొరకాయకు నాడి ఉన్నది, అదీ మా అందరికంటె ఆరోగ్యంగా ఉన్నది! పిల్లలు నవ్వారు, నేనూ నవ్వాను. తరువాత నవ్వు రాలేదు. సొరకాయలో నాడిని కనిపెట్టిన యంత్రం, నాడి పడిపోతున్న మనిషిలోనూ 78 చూపదని హామీ ఏమిటి? కొలవలేనప్పుడు "కొలవలేకపోయాను" అని చెప్పడం కొలిచే వస్తువుకు మొదటి ధర్మం. తెలియనప్పుడు తెలియదనే విద్యార్థిని నేనెన్నడూ కొట్టలేదు. తెలియకపోయినా తడుముకోకుండా ఏదో ఒక జవాబు చెప్పేవాడితోనే చిక్కు.

దీనిని అడిగేవాడు ఎందుకు లేడు? కిటుకు ఒక్క మాటలో ఉన్నది. 2020 ఫిబ్రవరి 11న కేంద్ర ప్రభుత్వం ఒక ప్రకటన జారీచేసి, ఆ యేడు ఏప్రిల్ 1 నుండి వైద్య పరికరాలనన్నింటినీ 1940 నాటి ఔషధ చట్టం కిందికి తెచ్చింది. మంచి పని. ఆపైన దశలవారీగా అనుమతిపత్రాలు తప్పనిసరి అయినాయి. అయితే ఏది వైద్య పరికరం? రోగాన్ని గుర్తించడానికో, గమనించడానికో, నివారించడానికో తయారీదారు ఉద్దేశించినది. ఆ "తయారీదారు ఉద్దేశించినది" అన్న మాట చూడండి. ఒక కంపెనీ తన గడియారం "కేవలం స్వస్థత కోసం, వైద్య ప్రయోజనాలకు కాదు" అని ఒక మూల రాసుకొంటే, అది వైద్య పరికరం కాకుండా పోతుంది. ప్రకటనలో మాత్రం తాతయ్య గుండె మనుమరాలి సెల్‌ఫోనులో కొట్టుకొంటూ ఉంటుంది. కిరాణా దుకాణదారు "ఈ కాటా తూకం కోసం కాదు, వినోదం కోసం" అని చీటీ అంటించి చక్కెర తూచి అమ్మితే తూనికల అధికారి ఊరకుంటాడా?

మా ప్రాంతంవారికి యంత్రం చూపే అంకె బలమెంతో ఒకరు చెప్పనక్కరలేదు. 1937లో స్థాపితమై 2015 డిసెంబరులో మూతపడిన బోధన్ నిజాం చక్కెర కర్మాగారానికి చెరకు తోలిన రైతులకు కాటా అంటే ఏమిటో తెలుసు. బండి ఎక్కినప్పుడు ముల్లు ఎక్కడ నిలిచిందన్నదాని మీద వారి ఏడాది బతుకు ఆధారపడేది. నేటికీ వడ్ల కొనుగోలు కేంద్రంలో తేమ కొలిచే యంత్రం 17 శాతం దాటి చూపితే రైతు వడ్లను మళ్ళీ ఆరబోసుకోవాలి. ఆ యంత్రం మీద అనుమానం వస్తే రైతు ఊరుకోడు. ఇంకో యంత్రం తెమ్మంటాడు, అధికారిని పిలువుమంటాడు. వడ్ల తేమ విషయంలో ఇంత జాగ్రత్తగల మనిషి తన గుండె విషయంలో మాత్రం దుకాణంవాడిచ్చిన అంకెను కళ్ళకద్దుకొంటున్నాడు. ఎందుకంటే అడగవచ్చునని అతనికి ఎవరూ చెప్పలేదు.

అంకె ఎవరి ఒంటిమీద సరిచూచినది అన్నది మరొక ప్రశ్న. చర్మంలోని నల్లని వర్ణద్రవ్యం కూడా కాంతిని పీల్చుకొంటుంది. దవాఖానలలో వేలికి తగిలించే ప్రాణవాయువు కొలమానం కూడా కాంతితోనే పనిచేస్తుంది. అది నల్లజాతి రోగులలో ప్రమాదకరమైన లోటును తెల్లవారిలో కంటె దాదాపు మూడింతలు ఎక్కువగా కప్పిపుచ్చిందని 2020 డిసెంబరులో అమెరికా వైద్యులు ప్రకటించారు. అనుమతి ఉన్న దవాఖాన యంత్రం గతి అది. ఏ పరీక్షా లేని పదిహేను వందల గడియారం, ఎండలో నాట్లేసి నల్లబడిన చేతుల మీద ఎంత నిజం చెప్తుందో ఎవరు సరిచూచారు? మా పెద్దమ్మల ముంజేతుల మీద పచ్చబొట్లుంటాయి. పచ్చబొట్టు సిరా కాంతిని అడ్డగించవచ్చునని పెద్ద కంపెనీలే ఒప్పుకొన్నాయి. బీడీలు చుట్టి రూపాయి రూపాయి కూడబెట్టి గడియారం కొనుక్కొన్న అవ్వకు ఈ సంగతి చెప్పేదెవరు?

ఇంకొక ఘోరం. సూది గుచ్చకుండానే రక్తంలో చక్కెర చూపుతామనే గడియారాలు, ఉంగరాలు కూడా వచ్చినాయి. తానుగా రక్తపు చక్కెరను కొలవగల గడియారానికి గాని ఉంగరానికి గాని తాము అనుమతి ఇవ్వలేదని, వాటిని నమ్మి మందు మోతాదు మార్చుకొంటే ప్రాణాపాయమని అమెరికా ఆహార ఔషధ సంస్థ 2024 ఫిబ్రవరి 21న హెచ్చరించింది. ఆ అంకెను నమ్మి ఇన్సులిన్ ఎక్కువ తీసుకొన్నవాడు గంటలలో స్పృహ తప్పుతాడు. ఇది దూరపు ముప్పు కాదు. చక్కెర వ్యాధి లేని ఇల్లు మా వాడలో వెదకాలి.

ఇక ప్రతిపక్షం వాదానికి వస్తాను. అది బలమైన వాదమే, తేలికగా తీసివేయను. "పంతులు గారూ, పల్లెలో గుండె వైద్యుడు లేడు. ఏమీ లేనిచోట గడియారమైనా నయం కదా? వందమందిలో ఒకడు బ్రతికినా లాభమే కదా?" అంటారు. గోదావరి జిల్లాలలోని 45 గ్రామాలలో 2003, 2004 సంవత్సరాల నడుమ మరణాలను లెక్కించిన అధ్యయనంలో, 32 శాతం చావులు గుండె, రక్తనాళాల జబ్బులవల్లనని తేలింది. పల్లెవారికి గుండెజబ్బులు రావన్న భ్రమ అప్పుడే పోయింది. కనుక అవసరం నిజమే. గడియారం ఆ అవసరాన్ని తీరుస్తుందా అన్నదే ప్రశ్న.

లెక్కలు చూడండి. అమెరికాలో ఆపిల్ గడియారంతో స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయం చేసిన పెద్ద అధ్యయనం 2019లో ప్రచురితమైంది. 4,19,297 మంది చేరారు. లయ తప్పిందన్న హెచ్చరిక 2,161 మందికి వచ్చింది. వారిలో ఛాతీకి అంటించుకొనే ఈసీజీ పట్టీని వాడి తిరిగి పంపి, లెక్కకు అందినవారు 450 మంది. ఆ 450లో కర్ణికాకంపం కనబడినది 34 శాతంలో. పట్టీ వేసేనాటికి కంపం తగ్గిపోయి ఉండవచ్చు కాబట్టి మిగిలినవన్నీ తప్పుడు హెచ్చరికలని నేననను. హెచ్చరికా పట్టీ ఒకేసారి ఉన్న సందర్భాలలో అవి ఎక్కువగా ఏకీభవించాయి కూడా. నేను చూపదలచినది మరొకటి. ఉచితంగా పట్టీ ఇంటికి పంపి, వైద్యుణ్ణి ఫోనులో మాట్లాడించే ఏర్పాటున్న దేశంలోనే, గంట మోగినవారిలో చివరిదాకా నడచినవారు సుమారు అయిదింట ఒక వంతు. మా ఊరి నుండి నిజామాబాదు పెద్దాసుపత్రికి పోయివస్తే ఒకరోజు కూలి పోతుంది. ఇక్కడ గంట మోగితే ఎందరు నడుస్తారు?

మరొకటి. డెన్మార్కులో 70 నుండి 90 యేండ్లవారు 6,004 మందిని తీసుకొని, కొందరికి చర్మం కింద లయమాపకం అమర్చి, మిగిలినవారిని మామూలు వైద్యానికి వదిలారు. 2021లో ఫలితం వచ్చింది. యంత్రమున్నవారిలో 31.8 శాతం మందికి కర్ణికాకంపం బయటపడింది, లేనివారిలో 12.2 శాతం. కనిపెట్టడం రెండున్నర రెట్లు పెరిగింది. పక్షవాతం మాత్రం లెక్కకు నిలిచేటంత తగ్గలేదు. చర్మం కింద రాత్రింబగళ్ళు కాపలా కాసిన యంత్రం కథే ఇది. కనిపెట్టడం వేరు, కాపాడడం వేరు. "ఆలు లేదు, చూలు లేదు, కొడుకు పేరు సోమలింగం" అన్నట్లు, చూసే వైద్యుడు లేడు, ఇచ్చే మందు లేదు, రిపోర్టు మాత్రం చేతికున్నది.

ఉపాధ్యాయుడిగా నేనెరిగిన సంగతి ఇంకొకటున్నది. పాశ్చాత్య దేశాలలో కర్ణికాకంపం ప్రధానంగా వార్ధక్యపు వ్యాధి. మన దేశంలో నడివయసువారికీ యువతులకూ కూడా వస్తుంది. కారణం చిన్ననాటి గొంతునొప్పి తరువాత వచ్చే కీళ్ళజ్వరం. అది గుండె కవాటాలను పాడుచేస్తుంది. మోకాళ్ళు వాచి బడి మానివేసిన పిల్లలను ప్రతి బడిపంతులూ చూచే ఉంటాడు. ఆ దశలో పట్టుకొని మూడు నాలుగు వారాలకొక పెన్సిలిన్ సూది క్రమం తప్పక వేయిస్తే కవాటాన్ని కాపాడుకోవచ్చు. కవాటం చెడితే మొదట తెలిసేది వైద్యుని చెవికి, స్టెతస్కోపులో వినబడే మర్మరధ్వనిగా. 2013లో మొదలైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం బడిపిల్లలలో వెదకవలసిన జబ్బులలో ఈ గుండెజబ్బును చేర్చింది కూడా. ఇరవై యేండ్ల తరువాత లయ తప్పినప్పుడు గంట కొట్టే గడియారం కంటె, ఏడవ తరగతిలో ఆ చప్పుడు వినే చెవి ఎక్కువ ప్రాణాలు కాపాడుతుంది. దానికి ప్రకటనలుండవు, అంతే.

"మన పూర్వులు నాడి పట్టుకొనే రోగం చెప్పలేదా? గడియారం చేసేదీ అదే కదా" అని ఒక మిత్రుడు వాదించాడు. శార్ఙ్గధరుడు నాడి నడకను పాముతో, కప్పతో, హంసతో పోల్చిన మాట నిజమే. నాడిచూడగానే సర్వమూ చెప్తామన్న డాంబికులు అప్పుడూ ఉన్నారు. కానీ యోగరత్నాకరం పరీక్షలు ఎనిమిదని చెప్పింది: నాడి, మూత్రం, మలం, నాలుక, శబ్దం, స్పర్శ, చూపు, ఆకృతి. ఎనిమిదింట నాడి ఒకటి. రోగి ముఖం చూడకుండా మణికట్టు మాత్రమే చూచేవాణ్ణి ఆ సంప్రదాయమే వైద్యుడనదు. మన సంప్రదాయాన్ని సాక్షిగా పిలిచేవారు దాని సాక్ష్యం పూర్తిగా వినాలి.

యంత్రాన్ని ఎక్కడ పెట్టాలో ఎరిగిన బుద్ధి మన నేలమీదనే ఉన్నది. హైదరాబాదులో గుండె వైద్యుడు బి. సోమరాజు గారూ, అబ్దుల్ కలాం గారూ కలిసి చౌకధరలో గుండె నాళపు స్టెంటును రూపొందించారు. 1998 నాటి మాట అది. ఆ ఇద్దరే 2012లో పల్లె ఆరోగ్య కార్యకర్తల కోసం ఒక గట్టి పలకయంత్రాన్ని కూడా చేశారు. యంత్రం కార్యకర్త చేతిలో ఉండాలి, ఆమె వెనుక వైద్యుడుండాలి అన్న ఆలోచన అది. భాభా అణు పరిశోధన కేంద్రం అరచేతిలో పట్టే పన్నెండు కోణాల ఈసీజీ యంత్రాన్ని తయారుచేసింది. అది తీసిన రేఖను ఫోను ద్వారా దూరానున్న వైద్యునికి పంపవచ్చు. 2021 జూన్‌లో తెలంగాణ ప్రభుత్వం నిజామాబాదుతో సహా 19 జిల్లాలలో ఉచిత రోగనిర్ధారణ కేంద్రాలు తెరిచింది. పల్లె దవాఖానలో తీసిన రక్తం జిల్లా కేంద్రానికి పోయి ఫలితం తిరిగివచ్చే ఏర్పాటు అది. సీసాలో రక్తం పోగా లేనిది, తీగలేని రేఖ పోవడానికి అడ్డమేమిటి? రాత్రి పదకొండు గంటలకు కూడా ఆ రేఖను చదివి "బండెక్కించండి" అని చెప్పే మనిషి ఒకడు కావాలి. 2023 డిసెంబరులో ఆరోగ్యశ్రీ పరిమితిని పది లక్షలకు పెంచారు. సంతోషం. అయితే ఆ పది లక్షలు ఆపరేషను బల్ల దాకా చేరినవాడికి. చేరడానికి ముందు గంటల సంగతి ఎవరు చూడాలి?

కనుక నేను కోరేది ఇది. ఒకటి, గుండె, రక్తపోటు, ప్రాణవాయువు, చక్కెర, వీటిలో దేనినైనా అంకెగా చూపే ఏ వస్తువైనా తయారీదారు ఉద్దేశంతో నిమిత్తం లేకుండా కొలమానమే. దానిని మన దేశపు మనుషుల మీద, మన చర్మాల మీద పరీక్షించి ముద్ర వేసిన తరువాతనే అమ్మనివ్వాలి. రెండు, "ఇది గుండెపోటును కనిపెట్టలేదు. ఛాతీలో నొప్పి ఉంటే దీనిని చూడక 108కి ఫోను చేయండి" అన్న వాక్యం పెట్టె మీదా, గడియారపు తెర మీదా తెలుగులో, గుండె బొమ్మ ఎంత ఉన్నదో అంత అక్షరాలలో ఉండాలి. మూడు, మండలానికొక పన్నెండు కోణాల ఈసీజీ, రాత్రింబగళ్ళు దానిని చదివే వైద్యుడు ఉండాలి. ఈ మూడూ అసాధ్యాలు కావు. మొదటిదానికి ఒక నిర్వచనం మార్చితే చాలు, రెండవదానికి ఒక నియమం మార్చితే చాలు, మూడవదానికి మనసు మారాలి.

ఇవి వచ్చేదాకా మన చేతిలోనూ కొంత ఉన్నది. తప్పుదారి పట్టించే ప్రకటనల మీద పది లక్షల రూపాయల దాకా జరిమానా వేసే అధికారాన్ని 2019 నాటి వినియోగదారుల చట్టం కేంద్ర ప్రాధికార సంస్థకు ఇచ్చింది. 1915కు ఫోను చేసి ఫిర్యాదు ఇవ్వవచ్చు. మీ ఊరి దుకాణంలో సూది లేకుండా చక్కెర చూపే గడియారం కనబడితే చేయండి. గల్ఫులో, అమెరికాలో ఉన్న బిడ్డలకు ఒక మాట. నాయనా, మీ ప్రేమను శంకించను. గడియారం పంపాలనిపిస్తే పంపండి. దానితోపాటు ఫోనులో ఒక్క సంగతి మీ అమ్మకూ బాపుకూ విప్పి చెప్పండి: అది బాగున్నానని చెప్పినా, ఒళ్ళు బాగులేదంటే ఒంటి మాటే వినాలని. ఏడాదికొకసారి దవాఖానలో రక్తపోటు, చక్కెర చూపించుకొన్నారా అని అడగండి. రక్తపోటు మందు తప్పకుండా వేసుకొన్నందువల్ల ఆగే పక్షవాతాలు, ఏ గడియారమూ ఆపలేనన్ని.

వైద్యులైన బ్లాగ్మిత్రులు ఇందులో శాస్త్రదోషముంటే దిద్దవలసినదిగా ప్రార్థన. కంపెనీలలో పనిచేసే మిత్రులు కోపగించుకోక ఒక్క ప్రశ్నకు జవాబు చెప్పవలసినదిగా మనవి: సొరకాయకు 78 చూపిన గడియారం "కొలవలేకపోయాను" అని చెప్పేటట్లు చేయడం మీకు చేతకాదా, చేయడానికి మనసొప్పదా?

భవదీయుడు,
ధర్పల్లి నుండి ఒక విశ్రాంత తెలుగు పండితుడు